ఫోన్‌లో పరుగెత్తే పాటలు: ఒక క్యాసెట్ ప్లేయర్ రిపేరు కేసు

పాత ఆడియో మెషీన్లు బాగుచేయడం, క్యాసెట్లలో ఉన్న రికార్డింగులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఈ కేసులో చేతిపని మామూలుదే. నేను చేసిన పొరపాటు మాత్రం చిన్నది కాదు. ఈ పనిలో ఉన్న ఎవరైనా సులువుగా చేసే పొరపాటే అది, అందుకే రాస్తున్నాను. మెషీన్ తెచ్చినావిడ అనుమతి తీసుకున్నాను. ఆమె ఎవరో తెలిసే వివరాలు, మెషీన్ కంపెనీ, మోడల్ వదిలేశాను. అంకెలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

ఆమెకు యాభై దాటి ఉంటాయి. చిన్న సంచిలోంచి ఒక జేబు క్యాసెట్ ప్లేయరు, నాలుగు క్యాసెట్లు తీసి బల్ల మీద వరసగా పెట్టారు. మూడు కొన్న పాటల క్యాసెట్లు. నాలుగోది అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ మీద ఇంట్లో చేసుకున్న రికార్డింగు. లేబుల్ మీద నీలం సిరాతో ‘కథ’ అని ఒక్క మాటే ఉంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కథ చెబుతూ ఆ ప్లేయర్‌లోనే రికార్డు చేశారట. ఆయన ఇప్పుడు లేరు. ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క టేప్‌లోనే.

జేబులో పట్టే ప్లేయర్లన్నిటినీ మనం వాక్‌మ్యాన్ అనేస్తాం. 1979 జులైలో సోనీ తెచ్చిన మొదటి వాక్‌మ్యాన్‌లో రికార్డింగ్ లేనే లేదు, అది వినడానికి మాత్రమే. ఇద్దరు కలిసి వినేందుకు రెండు హెడ్‌ఫోన్ సాకెట్లు ఉండేవి. ఆ తర్వాత ఎన్నో కంపెనీలు రికార్డు చేసే చిన్న ప్లేయర్లు కూడా తెచ్చాయి. ఆమెది అలాంటిదే. పక్కన ఎర్రచుక్క పెట్టిన బటను, మూల మీద సూది దూరేంత రంధ్రం వెనక మైకు, రెండు పెన్సిల్ సెల్స్. వాళ్ళ నాన్న దాన్ని ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారని ఆమె మాటల మధ్యలో చెప్పారు. ఆ ముక్క ఎంత ముఖ్యమైనదో నాకు అప్పుడు తట్టలేదు.

ఆమె చెప్పిన సమస్య

ప్లే నొక్కితే లోపల మోటారు తిరుగుతున్న సన్నని శబ్దం వస్తుంది, రీలు మాత్రం కదలదు. అలా అయి చాలా ఏళ్లయింది. నా దగ్గరికి రాకముందు ఆమె ఒక కొత్త క్యాసెట్ ప్లేయరు కొన్నారు. పాటల క్యాసెట్ ఒకటి అందులో పెట్టి విని, నచ్చక పక్కన పెట్టేశారు.

“ఫోన్‌లో వింటే ఆ పాటలు పరుగెడుతున్నట్టు ఉంటాయండీ. ఈ కొత్తదాంట్లోనూ అంతే. అప్పట్లో అలా ఉండేవి కావు, నెమ్మదిగా సాగేవి” అన్నారు.

‘కథ’ క్యాసెట్‌ను మాత్రం కొత్తదాంట్లో పెట్టలేదు. రీలు చిక్కుకుంటుందేమోనని భయమేసిందట. మంచి పని చేశారు. ఆ క్యాసెట్ గురించి ఇంకో మాట కూడా చెప్పారు: “చివర్లో నాన్న తొందరపడతారు. డ్యూటీకి టైమ్ అయిపోయి ఉంటుంది పాపం.”

ఆ రోజు నోట్‌బుక్‌లో నేను రాసుకున్నది ఇది: ‘బెల్టు పోయింది. హెడ్ అరుగుదల తక్కువ. పాటలు ఇప్పుడు వేగంగా ఉన్నాయంటున్నారు: నాస్టాల్జియా.’ పాతరోజుల మీద బెంగతో, అప్పటి సౌండే వేరు అనే మాట వారానికి ఒక్కరైనా అంటారు. అందరితో పాటు ఆమెనూ ఆ గాటనే కట్టేశాను.

ముందు టేప్, తర్వాత మెషీన్

ఇలాంటి కేసుల్లో మొదట చెయ్యి పెట్టాల్సింది టేప్ మీద. ప్లేయరు పాడైతే ఇంకో ప్లేయరు దొరుకుతుంది, ఈ టేప్ పోతే ఇంకోటి లేదు.

క్యాసెట్‌లో టేప్ వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. టేప్ మీది శబ్దాన్ని చదివే ముక్కే హెడ్. దానికి ఎదురుగా, టేప్ వెనక, సన్నని రాగిరంగు స్ప్రింగు పట్టీ మీద గింజంత ఫెల్టు ముక్క ఉంటుంది. టేప్‌ను హెడ్‌కు అదిమి పట్టేది అదే. ఆమె క్యాసెట్‌లో జిగురు ఎండిపోయి ఆ ముక్క ఊడి, లోపలెక్కడో గలగలమంటోంది. అలాగే ప్లే చేసి ఉంటే శబ్దం మసకగా, వస్తూ పోతూ ఉండేది. అది మరలు లేని క్యాసెట్, అతికించేసింది. అంచు వెంట సన్నని బ్లేడుతో విడదీసి, రెండు చక్రాలనూ రీలుతో సహా ఎత్తి, ఐదు మరల కొత్త డబ్బాలోకి మార్చాను. పాత లేబుల్‌ను ఆవిరి పట్టి ఊడదీసి కొత్తదాని మీద అతికించాను. నీలం సిరా కొంచెం కూడా చెదరలేదు. తర్వాత పెన్సిలు పెట్టి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాను. ఏళ్ల తరబడి కదలని టేప్ పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే మోటారు ఒక్క ఊపున లాగి తెంపేస్తుంది. చేత్తో తిప్పితే బిగువు వేలికి ముందే తెలుస్తుంది.

ఇక్కడే నా మంచి డెక్ మీద, అంటే బల్ల మీద పెట్టే పెద్ద క్యాసెట్ ప్లేయర్ మీద, ఒకసారి ప్లే చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉండాల్సింది. పద్ధతి అదే. కానీ “మొదటిసారి నా దాంట్లోనే, నేనే వింటాను” అని ఆమె అడిగారు. న్యాయమైన కోరికే అనిపించి సరే అన్నాను.

మెషీన్ విప్పితే, మోటారు తిరుగుడును రీలుకు అందించే బెల్టు లేదు. బెల్టు ఉండాల్సిన దారంతా నల్లటి తారు పూసినట్టుంది. ఆ కాలపు రబ్బరు బెల్టుల్లో చాలావాటి గతి ఇదే, కరిగి ముద్దవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్స్, టూత్‌పిక్కులు పెట్టుకుని పుల్లీ గాడిలోంచి, ఫ్లైవీల్ అంచు నుంచి ఆ జిగటంతా తీయడానికి గంటన్నర పట్టింది. కొంచెం మిగిలినా కొత్త బెల్టు అక్కడ జారుతుంది. మొదట వేసిన బెల్టు మరీ బిగువైంది. స్వరం సన్నగా వణికింది, సెల్స్ తొందరగా దిగిపోయాయి. తీసేసి, దారంతో దారి పొడవు కొలిచి, అంతకంటే ఐదు శాతం చిన్నది వేశాను. అది కుదిరింది. టేప్‌ను అదిమి ముందుకు నడిపే రబ్బరు చక్రం, పించ్ రోలర్, గట్టిపడి ఉంటే శుభ్రం చేశాను. ఒక చెవిలో శబ్దం తక్కువగా ఉంటే రెండు కెపాసిటర్లు మార్చాను. ఇవి రోజూ చేసే పనులే.

రెండు స్క్రూలు

ఈ కేసులో అసలు కథంతా రెండు చిన్న స్క్రూల దగ్గరే ఉంది.

మొదటిది హెడ్ పక్కన ఉండే అలైన్‌మెంట్ స్క్రూ. హెడ్‌లోని సన్నని గీత టేప్‌కు సరిగ్గా నిలువుగా ఉండాలి. కొంచెం వాలినా పై స్థాయి శబ్దాలు, అంటే స, ష లాంటి అక్షరాల పదును, పోతాయి. ఈ మెషీన్‌లో హెడ్ కొద్దిగా వాలి ఉందని, కొలతల కోసం కచ్చితంగా రికార్డు చేసిన టెస్ట్ క్యాసెట్ పెట్టగానే తెలిసింది. అయినా ముట్టుకోలేదు. ఎందుకంటే ‘కథ’ టేప్‌ను రికార్డు చేసింది ఈ హెడ్డే. హెడ్ ఎటు వాలి ఉంటే టేప్ మీద ముద్ర కూడా అటే వాలి ఉంటుంది. వాలిన ముద్రను అదే వాలున్న హెడ్డే సరిగ్గా చదువుతుంది. దాన్ని నిటారుగా చేస్తే మెషీన్ బాగుపడుతుంది, నాన్నగారి గొంతు మసకబారుతుంది. ఇది పాత అనుభవం నేర్పిన సంగతే. అందుకే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

రెండోది మోటారు స్పీడ్‌ను సరిచేసే ప్రీసెట్. ఫ్యాక్టరీలో స్పీడ్ సెట్ చేశాక అది కదలకుండా ఒక చుక్క రంగు వేస్తారు. ఇందులో ఆ చుక్క పగిలి ఉంది, అంటే ఎవరో ఎప్పుడో తిప్పారు. 3,000 హెర్ట్జ్ టోన్ ఉన్న టెస్ట్ క్యాసెట్ పెడితే మీటర్ 2,850 చూపించింది. ఐదు శాతం నెమ్మది. క్యాసెట్ స్పీడ్ సెకనుకు 4.76 సెంటీమీటర్లని 1960ల్లో ఫిలిప్స్ క్యాసెట్ తెచ్చినప్పటి నుంచీ ఉన్న లెక్క. ‘ఎవరో చెడగొట్టారు, సరిచేద్దాం’ అనుకున్నాను. 2,850 అని నోట్‌బుక్‌లో రాసుకుని, ప్రీసెట్ తిప్పి 3,000 దగ్గర నిలబెట్టాను. నిఖార్సుగా కుదిరింది. తృప్తిగా మూత బిగించాను.

మొదటి స్క్రూ దగ్గర అంత ఆలోచించినవాణ్ని రెండోదాని దగ్గర ఎందుకు ఆలోచించలేదు? ఇప్పటికీ ఇదే నన్ను తొలుస్తుంది. ఆ రంగు చుక్క ఎప్పుడు పగిలింది, రికార్డింగుకు ముందా, తర్వాతా అని అడిగి ఉండాల్సింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారని ఆమె చెప్పనే చెప్పారు.

‘ఇది నాన్న గొంతు కాదండీ’

ఆమె వచ్చారు. ముందు పాటల క్యాసెట్ పెట్టి విన్నారు. బాగుందన్నారు, కానీ ముఖంలో వెలుగు లేదు. తర్వాత ‘కథ’ పెట్టారు. అర నిమిషం కూడా కాకముందే హెడ్‌ఫోన్ తీసేశారు.

“ఇది నాన్న గొంతు కాదండీ. నా గొంతు కూడా ఇంత కీచుగా ఉండేది కాదు.”

అప్పుడు నేనన్న మాట రాయడానికి బాధగా ఉంది, అయినా రాయాలి. “చాలా ఏళ్లయింది కదండీ, గొంతులు మనకు గుర్తున్నట్టు ఉండవు” అన్నాను. ఆమె వాదించలేదు. “అయ్యుండొచ్చు లెండి” అని ప్లేయరును నెమ్మదిగా నా వైపు జరిపి, కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పూర్తయ్యాక ఫోన్ చేయమని వెళ్లిపోయారు. మెషీన్ పనిచేస్తోంది, టేప్ బాగుంది, మీటర్లో అంకె సరిగ్గా ఉంది. ఇంతకంటే బాగా రిపేరు చేయడం నాకు తెలియదు. ఆమె మాత్రం నాన్నను రెండోసారి పోగొట్టుకున్నట్టు వెళ్లారు.

ఆ సాయంత్రమే టేప్‌ను డెక్ మీద ప్లే చేసి రికార్డు చేసుకున్నాను. డెక్ హెడ్‌ను మాత్రం టేప్ ముద్రకు సరిపోయేలా వాల్చాను. సౌండ్‌ను బొమ్మగా చూపించే స్పెక్ట్రోగ్రామ్ తెరిస్తే, మాటల కింద అడుగున ఒక సన్నని గీత కనిపించింది. మాటలు ఆగిన చోట కూడా ఆ గీత ఆగలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పెంచి వింటే సన్నగా గుయ్‌మంటున్న శబ్దం. ట్యూబ్‌లైటు చోక్! 50 హెర్ట్జ్ కరెంటు మీద చోక్ దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర గుయ్‌మంటుంది. ఈ గీత 105.3 దగ్గర ఉంది.

డెక్ స్పీడ్‌లో తప్పు లేదు. 100 అనే శబ్దం 105 దగ్గర వినిపిస్తోందంటే రికార్డు చేసినప్పుడే మెషీన్ ఐదు శాతం నెమ్మదిగా తిరిగింది. కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఆ ఒక్క ఆధారాన్ని నమ్ముకుంటే చాలదు. నోట్‌బుక్ తీశాను. 3,000కు 2,850. అదే ఐదు శాతం. బెల్టు కొత్తదైనంత మాత్రాన స్పీడ్ అంతగా మారదు. స్పీడ్‌ను నిర్ణయించేది మోటారు వేగం, పుల్లీల సైజు. కాబట్టి 2,850 అన్నది ఆ మెషీన్ మొదటి నుంచీ ఆ ఇంట్లో తిరిగిన వేగం. నెమ్మదిగా రికార్డు చేసి అంతే నెమ్మదిగా ప్లే చేస్తే తప్పుకు తప్పు సరిపోయి గొంతు అసలు గొంతులాగే వస్తుంది. నేను ఒక తప్పును సరిచేసి రెండోదాన్ని ఒంటరిగా వదిలేశాను. గొంతు అర స్వరానికి దగ్గరగా పైకి లేచింది.

ఇక అదే పేజీలో పైన ఇంకో వాక్యం ఉంది: పాటలు వేగంగా ఉన్నాయంటున్నారు, నాస్టాల్జియా. ఆ మెషీన్‌లో నాలుగు నిమిషాల పాట పన్నెండు సెకన్లకు పైగా ఎక్కువసేపు సాగుతుంది. చిన్నతనమంతా ఆ పాటలను ఆమె అలాగే విన్నారు. ఫోన్‌లో పరుగెడుతున్నట్టు ఉన్నాయని ఆమె అన్నది జ్ఞాపకం చేసే మాయ కాదు. మీటరు లేకుండా, ఏళ్ల దూరం నుంచి, ఐదు శాతం తేడాను ఆమె చెవి కనిపెట్టింది. నా మీటరు చెప్పిన మాటే ఆమె మొదటి రోజే చెప్పారు.

చివరికి కుదిరింది

ఫోన్ చేసి, ముందు క్షమించమని అడిగాను. తర్వాత విషయం చెప్పాను.

ప్రీసెట్‌ను మళ్ళీ 2,850కి తిప్పేయడం సులువే. కానీ తెలిసి తెలిసి తప్పు స్పీడ్‌లో మెషీన్‌ను ఇవ్వడం ఎంతవరకు సరైనదని కొంత తటపటాయించాను. ఆమె పాటలు అసలు శ్రుతి కంటే కిందనే మోగుతాయి. రేపు ఆ ప్లేయరు ఇంకొకరి చేతికి వెళితే దాన్ని పాడైందనుకుంటారు. అయినా ఆ మెషీన్ ఆ టేప్‌కు జత. ఆ జతను విడదీసే హక్కు నాకు లేదు. నిర్ణయం ఆమెనే చేయమన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి రెండు స్పీడ్‌లలోనూ వినిపించాను, ఏది ఏదో ముందుగా చెప్పలేదు. 2,850 దగ్గర కథ మొదలవగానే ఆమె చెయ్యెత్తి ఆపమన్నట్టు చూపించారు. నేను ఆపబోతే, “ఆపొద్దు, ఇక తిప్పొద్దు” అన్నారు.

ప్రీసెట్ మీద కొత్తగా ఒక చుక్క రంగు వేశాను. సెల్స్ మూత లోపల చిన్న చీటీ అతికించాను: ‘3,000 టోన్‌కు 2,850. కావాలనే ఉంచింది. సరిచేయవద్దు. హెడ్ స్క్రూ కూడా.’ నా తర్వాత విప్పే మెకానిక్ నాలాగే మంచి మనసుతో చెడగొట్టకూడదు కదా.

ఇక కంప్యూటర్ ఫైలు. డెక్ మీద వచ్చింది వచ్చినట్టు ఒక కాపీ, ఏ మార్పూ చేయకుండా దాచాను. రెండో కాపీలో ఆ చోక్ గీతను ఆసరా చేసుకుని స్పీడ్ దించాను. ఆ పని చేస్తున్నప్పుడే ఇంకో సంగతి బయటపడింది. టేప్ పొడవునా 105 దగ్గరే నిలబడిన గీత చివరి మూడు నిమిషాల్లో మెల్లగా పైకెక్కి 115 దాకా పోయింది. సెల్స్ అయిపోతున్నాయి. ఈ చిన్న మెషీన్లలో సెల్స్ కొంత దిగేదాకా మోటారు ఒకే వేగంతో తిరుగుతుంది, ఆ తర్వాత మందగిస్తుంది. మందగించిన మెషీన్ మీద రికార్డైన మాట, కొత్త సెల్స్ వేసి వింటే వేగంగా వస్తుంది. ప్లేయర్‌లో దీన్ని సరిచేయడం కుదరదు. ఫైలులో కుదురుతుంది. గీతను ముక్కముక్కకూ కొలిచి, 100 దగ్గర తిన్నగా సాగేలా స్పీడ్‌ను కొద్దికొద్దిగా దించుతూ వెళ్లాను.

పనిలో మార్చుకున్నవి

ఇప్పుడు ఏ క్యాసెట్ వచ్చినా ముందు అడిగేది, ఇది ఏ మెషీన్ మీద రికార్డైంది, దేని మీద విన్నారు అని. అదే మెషీన్ నా ముందు ఉంటే, ఒక్క స్క్రూ కూడా తిప్పకముందు అది ఉన్న స్థితిని కొలిచి రాస్తాను. 2,850 రాసుకోకపోయి ఉంటే ఈ కేసులో నాకు తిరిగి వెళ్లే దారి ఉండేది కాదు.

నాస్టాల్జియా అన్న మాటను నోట్‌బుక్‌లో రాయడం మానేశాను. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి ఆ పదాన్ని పుట్టించింది ఇల్లు వదిలిన బెంగతో వచ్చే జబ్బుకు పేరుగా. మనం ఇప్పుడు జబ్బు అనకపోయినా, ఆ మాట అనగానే ఎదుటి మనిషి చెప్పేది వినడం ఆపేస్తాం. అప్పటి సౌండ్ వేరు అని ఎవరైనా అంటే ఇప్పుడు ఎలా వేరు అని అడుగుతున్నాను. నెమ్మదా, మసకా, బొంగురా, ఏ వైపు చెవిలో, పాట మొదట్లోనా చివర్లోనా. సగంమందికి నిజంగానే చెప్పడానికి ఏమీ ఉండదు, అది తలుచుకోవడమే. మిగతా సగంమంది చెప్పేది రాసుకుని మెషీన్ విప్పితే తప్పు ఎక్కడుందో ముందే తెలిసిపోతోంది. కొత్త ప్లేయరు కొనుక్కోమని సలహా ఇవ్వడం కూడా తగ్గించాను. ఇప్పుడు వస్తున్నవాటిలో చాలావరకు ఒకే తరహా చవక మెకానిజం ఉంటోంది. క్యాసెట్ తిరుగుతుంది, అంతవరకే.

తర్వాత

ఫైలు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆమె చివరి మూడు నిమిషాలు వినిపించమన్నారు. చిన్న పిల్ల గొంతు ఏదో అడుగుతుంది. ఆయన కొంచెం ఆగి జవాబు చెబుతారు. మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ అంతే నిదానంగా చెబుతారు. కుర్చీ జరిగిన శబ్దం లేదు, లేచి వెళుతున్న అలికిడి లేదు. కథ అయిపోయాక కూడా చోక్ గుయ్‌మంటూనే ఉంది, టక్ మని బటను పైకి లేచేదాకా.

ఆమె హెడ్‌ఫోన్ తీయలేదు.

“అయితే నాన్న తొందరపడలేదు” అన్నారు.

మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు. పెట్టాను.